గుట్ట కడుపులో వాన

కాడుగోడి
22 జూన్ 1997

నవ్యమ్మకు తాత పాపయ్య ఎవరిచేతా రాయించకుండా తానే రాసేది.

ఈడ అందరం బాగుండాము. మీ అవ్వ శాంతమ్మకు మోకాళ్ళు బాగలేవు, నోరు బాగుండాది. మీ నాన్న నాగేంద్ర పొద్దున పోయి దీపాలు పెట్టినాక వస్తాడు, మధ్యలో ఏం చేస్తాడో ఆ ఫ్యాక్టరీ వాళ్ళకే తెలియాల. నువ్వు కరడిగుట్ట గనికి పోయి ఇన్నాళ్ళయింది, ఒక కార్డు ముక్క లేదు. ఎం.టెక్ చదివేవాళ్ళకు పోస్టాఫీసు దోవ చెప్పరేమో.

పక్క కాఫీపొడి అంగడి శ్రీనివాసప్ప నిన్న అడిగినాడు, "ఏమప్పా పాపయ్యా, మీ మనవరాలు ఆ గని దగ్గర ఏం చేస్తాది?" అని. "రాళ్ళ దిబ్బ నెత్తిన నీళ్ళు పోసి, అవి ఏడ తేలతాయో చూస్తాది" అన్నా. ఆయన పొట్లం కట్టేది ఆపేసినాడు. "దానికి అంత చదువు కావాల్నా? మా మిద్దె మీద పోస్తే వంటింట్లో తేలతాది. నేను ఎస్సెల్సీ ఫెయిలు" అన్నాడు.

ఆ దిబ్బ మేం పోసిందే తల్లీ. గని లోపల్నుంచి బంగారం లేని రాయి పైకి వస్తే ట్రాలీలో వేసి, పట్టాల మీద తోసుకుంటా పోయి, అంచున కుమ్మరించేది నా పని. ఉద్యోగం అయిపోయేదాకా అదే. బంగారం ఎట్లుంటాదో నేను చూడలే. మీ అవ్వ మాత్రం బంగారు గనిలో పనిచేసేవాడని నన్ను చేసుకునింది. ఆమెకు కూడా పనికిరాని రాయే దొరికింది.

మా అక్క హనుమక్క ఇంట్లోనే అన్నం తిను. దిబ్బ కింద వరసగా కట్టిన లైన్ ఇండ్లలో ఆమెది చివరిది. గని పనులు తగ్గినాక కంపెనీ కొళాయి ఆగిపోయింది. దిబ్బ మొదట్లో ఊటగుంట ఒకటి ఉండాది, లైన్ అంతా ఆ నీళ్ళే తాగుతారు. మా అమ్మ పోయినాక నన్ను చంకనేసుకొని పెంచింది ఆ అక్కే. కొంచెం అమాయకురాలు. పోయిన నెల ఆడికి పోయినప్పుడు నేను సుమ్నే, తమాషాకు ఒక మాటన్నా: "మా నవ్య దిబ్బ నెత్తిన పసుపు నీళ్ళు పోస్తాది. గంగమ్మ దయ ఉంటే అవి నీ గుంటలో తేలతాయి. తేలితే పిల్ల పరీక్ష పాసు, లేకుంటే ఫెయిలు." చెంప మీద చెయ్యి పెట్టుకొని వినింది.

టోపీ పెట్టుకో. నల్లబడితే మీ అవ్వ నన్ను తిడతాది.

నీ తాత
పాపయ్య

*

కరడిగుట్ట గని
9 జూలై 1997

తాతకు నవ్య నమస్కారాలు.

నీ జాబు అందింది. రాయకపోవడం నాదే తప్పు. పొద్దున దిబ్బ ఎక్కితే దిగేసరికి చేతులు కలం పట్టుకునేలా ఉండవు. భోజనం హనుమక్కవ్వ ఇంట్లోనే. రాగిసంకటి ముద్ద ఇంత పెట్టి, మొత్తం తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది.

శ్రీనివాసప్పగారి మిద్దె సంగతి మా సార్‌కు చెప్పాను. నవ్వి, ఆయన ప్రశ్న సరైనదే అన్నారు. మిద్దెలో చిల్లు ఎక్కడుందో వెతకొచ్చు. ఈ దిబ్బలో ఎక్కడ చూసినా చిల్లే. నువ్వు అంచున కుమ్మరించినప్పుడు పెద్ద రాళ్ళు దొర్లుకుంటూ అడుగుకు పోయేవి, పొడి పైనే ఉండిపోయేది. మర్నాడు దాని మీద ఇంకొక పొర. అట్లా ఏటవాలుగా, పొర మీద పొర. పెద్ద రాళ్ళ సందుల్లో నీళ్ళు గబగబా జారతాయి. పొడిలో పడ్డ నీళ్ళు మాత్రం అక్కడే తడిగా ఆగిపోయి, ఎప్పటికో కదులుతాయి. ఏ చుక్క ఏ దారి పడుతుందో పైనుంచి చూస్తే తెలియదు.

అందుకే నీళ్ళలో ఒక రంగు పొడి కలిపి పైన పోశాం. అది చాలా కొంచెం ఉన్నా ఒక రకం దీపం కింద పెడితే పచ్చగా మెరుస్తుంది. దిబ్బ చుట్టూ నీళ్ళు కారేచోట్లా, అవ్వ వాళ్ళ ఊటగుంటలోనూ రోజూ సీసాలు నింపి చూస్తున్నాను.

ఎందుకో కూడా చెప్పాలి, తమాషా కాదు ఇది. ఆ రాయిలో పాషాణం, అంటే ఆర్సెనిక్ అనే విషం, ఉంది తాతా. భూమి లోపల ఉన్నంతకాలం రాయితో పాటు నిద్రపోయింది. పైకి తెచ్చి గాలికీ వానకీ పెట్టాక మెల్లగా నీళ్ళలోకి దిగుతోంది. దిబ్బ అవతలి వైపు కారే నీళ్ళు ఇప్పటికే చెడ్డవి. ఊటగుంటకు మాత్రం వేరే దిక్కు నుంచి మంచి నీళ్ళు వస్తున్నట్టున్నాయి. దిబ్బ నీళ్ళు ఇటు కూడా వస్తాయని తేలితే గుంట మూసేస్తారు. వేరే నీళ్ళు లేవు కాబట్టి లైన్ ఇళ్ళు ఖాళీ చేయిస్తారు.

అవ్వ రోజూ సాయంత్రం నా సీసాల దగ్గరికి వచ్చి అడుగుతుంది, "తేలెనా?" అని. లేదంటే నాకంటే తనే ఎక్కువ దిగులు పడుతుంది. ఎందుకో అర్థం కాదు.

ప్రేమతో
నవ్య

*

కాడుగోడి
3 ఆగస్టు 1997

నవ్యమ్మకు,

ఈడ వాన పడితే సంత అంతా బురద, పడకుంటే దుమ్ము. మన బోరు ఇంకా లోతుకు పోవాలంటాడు మీ నాన్న. రైల్వే గేటు అవతల పెద్ద పెద్ద ఆఫీసులు కడతాండారు, వాళ్ళ బోర్లు మన బోర్ల కన్నా లోతుకు పోతాయి. మీ అవ్వ బిందె పట్టుకొని కొళాయి దగ్గర కూర్చుంటాది. నేను పోయి "నిన్ను చూసి నీళ్ళు కూడా భయపడి వస్తాలేవు" అన్నా. బిందె నా కాలి మీద పెట్టింది. ఎత్తి పెట్టినట్టు లేదు, వేసినట్టుండాది.

నీ జాబు చదివినాక నవ్వు రాలేదు.

హనుమక్క సంగతి నీకు పూర్తిగా తెలీదు. ఆమె మొగుడు, మా బావ, గని లోపల రాయి మీద పడి పోయినాడు. ఆ సొరంగం మూసేసినారు, ఆయన్ను పైకి తియ్యలే. నేను ఎన్నిసార్లో రమ్మంటి, కాడుగోడికి వచ్చి ఉండు అక్కా అని. "ఆయన ఈ ఇంటి కిందనే ఏడో ఉండాడు. నేను ఏడికి రావాల?" అంటాది. నా నోరు అందరి దగ్గరా ఆడతాది, ఆమె దగ్గర ఆ ఒక్క మాటకు ఆడదు.

అందుకే అడుగుతాండా. సార్లకు రాసేటప్పుడు, ఊటగుంటకు దిబ్బ నీళ్ళు రాలేదని రాసేస్తే ఏం పోతాది? ఇన్నేండ్లు తాగినారు, ఎవరికీ ఏమీ కాలే. నేనూ అవే తాగినా. నన్ను చూడు, ఒక్క బుద్ధి తప్ప అన్నీ సరిగ్గా ఉండాయి.

తమాషాకే అడిగినా అనుకో. సగం తమాషా.

పాపయ్య

*

కరడిగుట్ట గని
28 సెప్టెంబర్ 1997

తాతా,

నువ్వు అడిగినట్టు రాయలేను. రాయాల్సి వచ్చింది కూడా వేరు.

పోయిన వారం పెద్ద వాన పడింది. ఆ తర్వాత ఊటగుంట సీసాలు దీపం కింద పెడితే మెరిశాయి. ఒకటి కాదు, వరసగా. ఇంత తొందరగా వస్తుందని సార్ కూడా అనుకోలేదు. పెద్ద రాళ్ళ సందుల్లో ఎక్కడో నేరుగా దారి ఉన్నట్టుంది అన్నారు. కంపెనీ ఆఫీసుకు రాసి పంపాం. మూడో నాడే గుంట దగ్గర "ఈ నీరు తాగరాదు" అని బోర్డు పెట్టారు. ఇళ్ళు ఖాళీ చెయ్యమని నోటీసు తయారవుతోందట.

సీసాలు మెరిసిన రోజు అవ్వ వచ్చి "తేలెనా?" అంది. "తేలింది అవ్వా" అన్నాను. ఆమె మొహం చూడాల్సింది తాతా. ఇంట్లోకి పోయి బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది, లైన్ అంతా తిరిగి చెప్పింది. తన ఇల్లు పోతుందని తెలిసే అంత సంతోషపడుతోందా అనుకున్నాను. బోర్డు పెట్టిన రోజు మాత్రం దాని ముందు నిలబడి, చదవడం రాక, పక్కింటి వాళ్ళను అడిగింది. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, ఎదురుగా కూర్చోదు.

నాకు ఏమీ తోచడం లేదు. వచ్చి ఆమెను చూసి పో.

నవ్య

*

కాడుగోడి
19 అక్టోబర్ 1997

నవ్యమ్మకు,

పోయి వచ్చినా. పాసింజర్‌లో నిలబడే పోయినా, నిలబడే వచ్చినా. నువ్వు ఆ రోజు బెంగళూరుకు ఆఫీసు పని మీద పోయినావంట, దారిలో ఏడో మన రెండు రైళ్ళు ఎదురుపడి ఉంటాయి.

అక్క నన్ను చూడగానే మొదలుపెట్టింది. "ఏం రా పాపయ్యా, పాసైతే ఇండ్లు ఖాళీ చెయ్యమంటారా? ఇదేం పరీక్ష?"

"ఎవరు పాసైంది?"

"నీ మనవరాలు. నువ్వే కదరా చెప్తివి, గుంటలో పసుపు తేలితే పాసని. ఆ పిల్ల ఎండలో దిబ్బ ఎక్కి దిగి కట్టెపేడు అయిపాయె. రోజూ సీసాలు చూసుకొని మొగం చిన్నబుచ్చుకుంటాది. చూడలేక పోతిని. ఎట్లాగూ శుక్రవారం గంగమ్మకు చిటికెడు పసుపు వేస్తాము. వాన నిలిచినాక రోజూ గుప్పెడు వేసినా. నేనొక్కదాన్నే కాదు, లైన్‌లో ఆడోళ్ళంతా వేసినారు. పాపం పిల్ల అని."

నవ్యా, నేను అరుగు మీద కూర్చుండిపోయినా. నవ్వు వచ్చింది, నిజం చెప్తాండా. నవ్వతా నవ్వతా ఉంటే అక్క "ఏందిరా" అని నా నెత్తిన మొట్టింది. ఆమె ఇల్లు పోతాండాది, నేను నవ్వతాండా. తర్వాత నవ్వు ఆగిపోయింది.

నీ సీసాల్లో మెరిసింది అంగడి పసుపు. పోయి సార్‌కు చెప్పు. బోర్డు తీసెయ్యమను.

పాపయ్య

*

కరడిగుట్ట గని
16 నవంబర్ 1997

తాతగారికి,

మీ జాబు సార్‌కు చూపించాను. సీసాలన్నీ మళ్ళీ పరీక్ష చేశాం. అడుగున పసుపు పేరుకుని ఉంది. పసుపు కూడా ఆ దీపం కింద మెరుస్తుంది, మేం ఆ సంగతి ఆలోచించలేదు. మా రంగు ఒక్క సీసాలోనూ లేదు.

బోర్డు తీసేశారు. నోటీసు ఆగిపోయింది. లైన్‌లో కర్పూరం వెలిగించారు.

"వాళ్ళు మీ బంధువులట కదా" అని సార్ ఒక్క మాటే అడిగారు. ఆగస్టులో మీరు ఏమని రాశారో నాకు గుర్తుంది. రాలేదని రాయమన్నారు. నేను రాయనని తెలుసు కాబట్టి, ఏది నిజమో ఎవరికీ తెలియకుండా చేస్తే చాలనుకున్నారేమో. ఏమైనా మీరు కోరుకున్నట్టే అయింది. ఒక వానాకాలం పోయింది. నా చదువు ఇంకో ఏడాది సాగుతుంది.

ఒక్కటి చెప్పి ఆపుతాను. ఇప్పటిదాకా రాలేదంటే ఎప్పటికీ రాదని కాదు. ఆ రంగు దారిలోనే పొడికి అంటుకుని వెలిసిపోవచ్చు. అందుకని ఈసారి ఎవరింట్లోనూ దొరకని ఒక ఉప్పు కరిగించి పైన పోశాం. అది అంటుకోదు, వెలిసిపోదు. నీళ్ళు ఎటుపోతే అటు పోతుంది. అది ఎప్పుడు వస్తుందో చెప్పలేను. అంతవరకు ఆ గుంట నీళ్ళు తాగకుండా ఉంటే మంచిది అన్నాను. "మళ్ళీ మొదలుపెట్నావా" అంది హనుమక్కవ్వ.

ఇట్లు
నవ్య

*

కాడుగోడి
7 డిసెంబర్ 1997

నవ్యకు,

"మీరు" అని రాసినావు. మీ నాన్న పెండ్లినాడు మా వియ్యంకుడు ఒక్కడే నన్ను అట్ల పిలిచినాడు, అదీ భోజనాలు అయ్యేదాకానే.

నేను ఎగతాళి చేస్తా. నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తాండావు. ఎవరినీ వదల్లే, దేవుణ్ణి కూడా. అయితే దొంగపని చెయ్యలే. ఆ మాట సుమ్నే అన్నా. అక్క నమ్మింది. అంతే జరిగింది. నువ్వు నమ్మేది లేనిది నీ ఇష్టం.

మీ అవ్వ ఇంకొక రెండు ముక్కలు రాయమనింది. చలికి రగ్గు కప్పుకో అంటాది.

పాపయ్య

*

హోస్పేట
11 ఏప్రిల్ 2000

తాతా,

శాంతమ్మవ్వ కర్మకు వచ్చి, ఉన్నన్ని రోజులూ నీతో సరిగ్గా మాట్లాడకుండా వచ్చేశాను. ఇంటి నిండా జనం. నువ్వు వచ్చినవాళ్ళకు కాఫీ అందిందా లేదా చూస్తూ తిరుగుతున్నావు. ఎవరినీ ఏమీ అనలేదు. శ్రీనివాసప్పగారు తనే ఏదో జోకు మొదలుపెట్టి, నువ్వు అందుకోకపోతే ఆపేశారు. నిన్ను అట్లా ఎప్పుడూ చూడలేదు.

రెండేళ్ళ కిందట నేను రాసిన మాట తప్పు. పసుపు సంగతిలో నీ చెయ్యి లేదని ఆ జాబు పోస్టు చేసిన మర్నాడే తెలిసింది. హనుమక్కవ్వే చెప్పింది, "వాడికి ఏం తెలుసు, వాడు నోటిమనిషి" అని. తెలిసి కూడా రాయలేదు. చదువు ఆగిందన్న కోపం ఎవరిమీదో ఒకరి మీద వెయ్యాలి కదా. తర్వాత ఇంత ఆలస్యంగా ఏం రాయను అనిపించింది. అట్లా సంవత్సరాలు పోయాయి.

ఇక్కడ ఉద్యోగం గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఇనుప రాయి, ఎర్ర దుమ్ము. మూడు నెలలకోసారి కరడిగుట్టకు పోయి సీసాలు నింపుకు వస్తాను. గని మూతపడబోతోందని అంతా అంటున్నారు. మా సార్ రిటైరయ్యారు. ఆ దిబ్బ గురించి ఇప్పుడు అడిగేవాళ్ళు కూడా లేరు, నేనే రాసి నేనే ఫైల్లో పెట్టుకుంటున్నాను. ఉప్పు ఇంకా రాలేదు. రాదేమో అని ఒక్కోసారి ఆశ పుడుతుంది. హనుమక్కవ్వ కాఫీ ఇస్తే తాగుతాను, ఎట్లా వద్దనను.

ఎస్టీడీలో మాట్లాడదామంటే శ్రీనివాసప్పగారి అంగడిలో నువ్వు అరుస్తావు, కాఫీపొడికి వచ్చినవాళ్ళంతా వింటారు. అందుకే రాస్తున్నాను. నువ్వూ రాయి.

నవ్య

*

కాడుగోడి
2 మే 2000

నవ్యమ్మకు,

నీ జాబు వచ్చింది. "తాతా" అని ఉండాది. చాలు.

మీ అవ్వ పోయినాక ఇంట్లో తిట్టేవాళ్ళు లేరు. మీ అమ్మ కోడలు కదా, మర్యాదగా మాట్లాడతాది, దాంతో పొద్దు పోదు. నేను ఏదన్నా అంటే నవ్వేవాళ్ళు ఉండారు, తిరిగి అనేవాళ్ళు లేరు. ఒంటి చేత్తో చప్పట్లు కొట్టినట్టుండాది. కాళ్ళు కూడా ఎందుకో రైలు గేటు దాకా పోయి చాలంటాయి.

నువ్వు ఆ దిబ్బకు పెండ్లాం అయిపోయినావని మీ నాన్న బాధపడతాడు. నేను చెప్పినా, ఆ దిబ్బను కన్నది నేను, నీకు అల్లుడు అయితే తప్పేముందిరా అని. వాడు నవ్వలే. మీ నాన్న పుట్టినప్పుడు కూడా మంత్రసాని గిల్లితేనే ఏడ్చినాడు.

ఉప్పు రాకుంటే మంచిదే కదా. నువ్వు ఓడిపోవాలని గంగమ్మకు మొక్కుకుంటాండా. కోపం తెచ్చుకోవద్దు.

నీ తాత
పాపయ్య

*

హోస్పేట
25 నవంబర్ 2001

తాతా,

ఉప్పు వచ్చింది.

పోయిన ఏడాది చివర్లో ఒక సీసాలో లీలగా కనిపించింది, తప్పేమో అనుకుని నీకు రాయలేదు. తర్వాత ప్రతిసారీ కొంచెం పెరిగింది. ఈ ఏడు వానలు గట్టిగా పడ్డాయి కదా, ఈ నెల తెచ్చిన సీసాల్లో స్పష్టంగా ఉంది. దాని వెంట పాషాణం కూడా. తాగడానికి పనికిరానంత. నమ్మకం కుదరక వేరే చోట కూడా పరీక్ష చేయించాను. అదే చెప్పారు.

అది కొళాయిలో వచ్చినట్టు రాదు తాతా. దిబ్బ పైన ఈ ఏడు పడ్డ వాన ఈ ఏడే కిందికి రాదు. పొడి పొరల్లో చేరి, పాత వాన నీళ్ళను కొంచెం ముందుకు తోస్తుంది. అది అంతకు ముందరి దాన్ని తోస్తుంది. ఇప్పుడు ఊటగుంటలోకి చేరుతున్నది నేను మొదటిసారి హనుమక్కవ్వ ఇంట్లో సంకటి తిన్న రోజుల్లో కురిసిన వాన. ఆ తర్వాత కురిసినవన్నీ ఇంకా గుట్ట కడుపులోనే ఉన్నాయి. దిబ్బ మీద రేపు నేను గొడుగు పట్టినా అవి రాక మానవు.

తాగితే ఇవాళ ఏమీ కాదు, రేపూ కాదు. రుచి మారదు, రంగు మారదు. ఏళ్ళ తరబడి తాగితే అరచేతులు గట్టిపడి, లోపల జబ్బులు పుడతాయి. అదే భయం. కనపడేదైతే నమ్ముతారు.

కంపెనీ ఆఫీసుకు రాశాను. గని మూసేశారు కదా, ఖాళీ చేయించే ఓపిక కూడా ఇప్పుడు ఎవరికీ లేదు. మళ్ళీ బోర్డు పెట్టారు, వారానికి రెండుసార్లు ట్యాంకర్ పంపుతున్నారు. మిగతా ఇళ్ళవాళ్ళు పిల్లల కోసమైనా ట్యాంకర్ నీళ్ళు పట్టుకుంటున్నారు. హనుమక్కవ్వ మాత్రం గుంట నీళ్ళే. కాళ్ళమీద పడినంత పని చేశాను. "పోయినసారి కూడా ఇట్లనే బోర్డు పెడితిరి, ఇట్లనే తీస్తిరి. పాసైనావు, ఉద్యోగం వచ్చింది, ఇంకేం కావాలమ్మా నీకు?" అంది. ఆ రోజు తప్పు చెప్పినందుకు ఈ రోజు నిజం చెల్లడం లేదు.

నా మాట వినదు. నువ్వు పోయి చెప్తావా?

నవ్య

*

కరడిగుట్ట
14 డిసెంబర్ 2001

నవ్యమ్మకు,

ఈ జాబు అక్క అరుగు మీద కూర్చోని రాస్తాండా. రైల్లో సీటు దొరికింది. ఇప్పుడు నన్ను చూస్తే కుర్రోళ్ళు లేస్తాండారు, అది చూస్తే నాకే భయమేస్తాది.

వచ్చిన రోజే చెప్పినా. "అక్కా, ఆ నీళ్ళు తాగొద్దు. నవ్య సీసాల్లో పాషాణం తేలింది."

అక్క నవ్వింది. "ఈసారి ఏం చెప్పి పంపినావురా దానికి?"

"నేనేం చెప్పలే. నిజంగా తేలింది."

"నువ్వు ఎప్పుడు నిజం చెప్పినావు? చిన్నప్పుడు గని లోపల ఏనుగు ఉండాదంటివి. నేను మూడు రోజులు చద్దన్నం మూట కట్టిస్తిని, ఏనుగుకని. ఎవరు తినింది?"

"నేనే తింటి."

"మరి?"

నవ్యా, పుట్టినప్పటి నుంచి అందరినీ ఏడిపించుకుంటా వచ్చినా. ఇప్పుడు ఒక్క మాట నమ్మాల్సి వస్తే, నమ్మేవాళ్ళు లేరు. తల మీద చెయ్యి పెట్టుకొని ఒట్టు వేసినా. "బావ మీద ఒట్టు" అన్నా. అప్పుడు నవ్వు ఆపింది. "నేను నమ్మను" అని లోపలికి పోయింది.

ఇంక అయిపోయింది, తిరుగు రైలు ఎప్పుడో చూసుకుందామనుకుంటి. అంతలో అక్క చెంబు తీసుకొని బయటికి వచ్చింది. ఊటగుంట ఎదురుగానే ఉండాది. అటు పోలే. లైన్‌లో నాలుగో ఇంటి దాకా నడిచింది, నడుము పట్టుకొని. ఆ ఇంటి హనుమంతు పెండ్లాం డ్రమ్ములోంచి ట్యాంకర్ నీళ్ళు వంచింది. చెంబు పట్టుకొని మెల్లగా తిరిగి వచ్చింది.

"ఏడికి పోతివి?"

"నీకు కాఫీకి."

"గుంట ఈడనే ఉండాది కదా."

అక్క రెండు గిన్నెలు పొయ్యి మీద పెట్టింది. ఒకదాంట్లో చెంబు నీళ్ళు పోసింది, ఇంకొకదాంట్లో కడవ నీళ్ళు. మొదటి గిన్నెది నా లోటాలో పోసింది. రెండోది తనకు.

"నమ్మలేదంటివి" అన్నా.

"నమ్మలే. నువ్వు తాగు."

నేను నా లోటా పక్కన పెట్టి ఆమె లోటా తీసుకున్నా. అక్క గబాల్న నా మణికట్టు పట్టుకునింది. ఈ వయసులో అంత బలం ఏడిదో. చిన్నప్పుడు బావి గట్టు ఎక్కితే అట్లనే పట్టుకునేది.

"వదులు. నీ మాట ప్రకారం మంచి నీళ్ళే కదా" అన్నా.

"నీకెందుకు అది?"

"నువ్వు తాగితే నేనూ తాగుతా. ఇన్నేండ్లు తాగినదానివి, నీకేం కాలేదు, నాకేం అవుతాది?"

చాలాసేపు ఇద్దరం ఆ లోటా పట్టుకొని కూర్చుంటిమి. బయట పోయేవాళ్ళు చూసి, ముసలోళ్ళు కాఫీకి కొట్లాడుకుంటాండారు అనుకొని ఉంటారు. కాఫీ చల్లారిపోయింది. అక్క దాన్ని నా చేతిలోంచి తీసుకొని పొయ్యి మూలకు వంచేసింది. బుస్సుమని పొగ వచ్చింది.

రెండో రోజు నేను ఊరికి పోతానని సంచి తీసినా. అక్క కడవ చేత పట్టుకొని గుంట వైపు పోతాండాది. ఈమె నా కోసం నాలుగో ఇంటికి నడుస్తాది, తన కోసం నడవదు. సంచి మళ్ళీ కొక్కేనికి తగిలించినా. "ఏం రా?" అనింది. "దప్పికయితాండాది" అన్నా. కడవ దించి చెంబు తీసుకొని నాలుగో ఇంటికి పోయింది. తెచ్చిన చెంబు నేను ముట్టలే. ముందు నువ్వు తాగు అన్నా. తిట్టింది. మీ అవ్వ పోయినాక నన్ను అంత బాగా తిట్టినోళ్ళు లేరు. పొద్దు వాలేదాకా నేను ముట్టలే, ఆమె ముట్టలే. నాలుక పిడచ కట్టింది. ఆఖరికి ఆమె ఒక గుక్క తాగింది, నేను ఒక గుక్క తాగినా.

ఇప్పుడు పది దినాలుగా అట్లనే జరుగుతాండాది. నేనున్నంతసేపు ఆమె ఆ నీళ్ళు ముట్టదు. నేను పోతే ముట్టుతాది. బోర్డు మాట వినదు, నీ మాట వినదు, నా మాట అసలే వినదు. ఇంటికి పిలిస్తే ఆ పాత మాటే. అందుకని నేనే ఉండిపోతాండా. గుట్ట కడుపులో ఎన్నేండ్ల వాన ఉండాదో నువ్వు చెప్పలేదు. మా ఇద్దరికన్నా జాస్తి ఏండ్లే ఉంటాదిలే.

మీ నాన్నకు నువ్వే చెప్పు, నాకు అంత ఓపిక లేదు. రెండు చొక్కాలు, పంచెలు, స్వెట్టరు పంపించమను. ట్యాంకర్ ఒక్కోసారి రాదంట, నువ్వు ఆఫీసు వాళ్ళను అడగడం మానొద్దు. ఇంకమీద జాబులు ఈ అడ్రసుకే రాయి.

పొద్దున అక్క ట్యాంకర్ నీళ్ళు నోట్లో పోసుకొని మొగం చిట్లించింది. "చప్పగా ఉండాయిరా. మన గుంటవైతే తియ్యగా ఉంటాయి" అనింది. నేనూ తాగినా. చప్పగానే ఉండాయి.

నీ తాత
పాపయ్య